సార్ బీరువాకు తాళం ఉంది, ఆఫీసు ఫోన్‌కే లేదు

నల్లగొండ కోర్టులో నాలుగేళ్ల నుంచి ప్రాక్టీసు చేస్తున్న ఒక జూనియర్ న్యాయవాది చేతిరాతతో ఆరు పేజీల ఉత్తరం పంపారు. "మెయిల్ పెట్టడానికి భయమేసింది, అందుకే పోస్టులో వేస్తున్నా" అన్నది మొదటి వాక్యం. చదివి నవ్వుకున్నాను గానీ, ఆరో పేజీకి వచ్చేసరికి ఆ భయంలో అర్థం ఉందనిపించింది. ఆనవాళ్లు దొరకకుండా సారాంశం ఇస్తున్నాను.

ఆమెది దేవరకొండ వైపు రైతు కుటుంబం. ఇంట్లో నల్లకోటు వేసుకున్న మొదటి మనిషి. సీనియర్‌కు అరవై దాటాయి. భూమి తగాదాల్లో మంచి పేరున్నాయన. ఆఫీసులో ఆయన, ఈమె, ఇంకో జూనియర్, ఇరవై రెండేళ్లుగా ఉన్న గుమాస్తా. గుమాస్తాను అందరూ "కాక" అంటారు. ఏ కాగితం ఏ కిటికీ దగ్గర ఇవ్వాలో, ఏ కోర్టు హాలులో ఎంతసేపు ఆగాలో ఈమెకు నేర్పింది ఆయనే.

పార్టీలతో, అంటే కేసులు అప్పగించిన మనుషులతో, మాట్లాడటానికి ఆఫీసుకు ఒక ఫోన్ ఉంది. అది కాక జేబులో ఉంటుంది. పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం, తెలిసిన పార్టీ నంబరు నుంచే "ఆర్టీవో చలాన్" అనే పేరుతో వాట్సాప్‌లో ఒక ఫైలు వచ్చింది. అంతకు ముందు రోజే సార్ కారు హైదరాబాద్ వెళ్లొచ్చింది. హైవే మీద కెమెరా పట్టిందేమోనని కాక దాన్ని నొక్కాడు. అది ఇన్‌స్టాల్ చేయమంది, మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడిగింది. అన్నిటికీ "అలౌ" కొట్టాడు. తెల్లారేసరికి అదే ఫైలు ఆఫీసు నంబరు నుంచి పార్టీలందరికీ వెళ్లింది. చందంపేట మండలంలో ఒక ముసలి రైతు "ప్లీడర్ సాబ్ ఏదో కాయితం పంపిండు" అనుకుని తెరిచాడు. మూడెకరాలకు పడ్డ రైతు భరోసా డబ్బు 18,000 రూపాయలు ఖాతాలోంచి పోయింది.

సార్‌కు విషయం తెలిసింది. "ఎవరితోనూ అనకండి, ఆఫీసు పరువు పోతుంది" అన్నారు. కాక ఆ యాప్‌ను తీసేశాడు. ఫోన్‌ను మళ్లీ మామూలుగానే వాడుతున్నారు.

ఇంకో పది రోజులకు లోక్ అదాలత్, రాజీతో కేసులు తెగ్గొట్టే చోటు. అన్నదమ్ముల భూమి పంపకం కేసు. వీళ్ల పార్టీ 17 లక్షలు అడగాలని, చివరికి 14 దాకా దిగాలని అనుకున్నాడు. ఆ 14 అనే అంకె పార్టీకి, సార్‌కు, ఈమెకు, వాట్సాప్‌లో పంపుకున్న ఒక డ్రాఫ్టుకు తప్ప తెలియదు. అవతలి వాళ్లు కూర్చోగానే "బేరాలెందుకు, 14కు తెగ్గొడదాం" అన్నారు. అక్కడే తెగింది, సంతకాలూ అయ్యాయి. బయటికొచ్చాక పార్టీ ఈమెను పక్కకు పిలిచి, "మేడం, మన ముచ్చట వాళ్ల దాకా ఎట్ల పోయింది?" అని అడిగాడు. ఈమె దగ్గర జవాబు లేదు.

ఉత్తరం చివర, పెద్దగా పట్టించుకోకుండా రాసిన సంగతులు కొన్ని ఉన్నాయి. డ్రాఫ్టులన్నీ కోర్టు ఎదుటి టైపింగ్ సెంటర్‌లో కొట్టిస్తారు. ఆఫీసు వాట్సాప్ అక్కడి కంప్యూటర్‌లో ఎప్పుడూ తెరిచే ఉంటుంది, "రోజూ స్కాన్ చేసే పని లేకుండా". నలుగురికీ కలిపి మెయిల్ ఒక్కటే, పాస్‌వర్డ్ సార్ మనవరాలి పేరు, వెనక 123. ఈ-ఫైలింగ్ కోసం సార్ తీసుకున్న డిజిటల్ సంతకం టోకెన్, పెన్‌డ్రైవ్ లాంటిది, కాక సొరుగులో ఉంటుంది, పిన్ నంబరు దాని వెనకే ప్లాస్టర్ మీద రాసి ఉంటుంది.

ఆమె అడిగినవి మూడు. పార్టీలకు నిజం చెప్పాలా? చెబితే కాక ఉద్యోగం పోతుంది, ఆయన కూతురి పెళ్లి ముందుంది, ఏం చేయాలి? ఇవేవీ కుదరకపోతే ఆఫీసు మారిపోవాలా?

*

అమ్మా, మీరు అడిగిన మూడు ప్రశ్నల కన్నా ముందు మీరు అడగని నాలుగోది చూడాలి. ఆ ఫోన్ ఇప్పుడు ఎక్కడుంది? కాక జేబులోనే ఉంటే, ఈ పేజీ మడిచి పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి.

యాప్ తీసేస్తే పని అయిపోయిందని కాక అనుకున్నాడు, అందరూ అలాగే అనుకుంటారు. ఇలాంటివి ఐకాన్ దాచుకుని లోపలే ఉండిపోవచ్చు, తమతో పాటు ఇంకోదాన్ని దించి ఉండవచ్చు. ఇవి పనిచేసే తీరు చాలా మోటుది. మెసేజ్‌లు చదివే అనుమతి దొరికితే చాలు, బ్యాంకు ఓటీపీ, వాట్సాప్ కోడ్ రెండూ వాళ్లకు చేరతాయి. మీ నంబరుతో వాళ్లు వాట్సాప్ తెరిచి, మీ పేరు మీద మీ వాళ్లకే ఆ ఫైలు పంపుతారు. తెలిసిన నంబరు నుంచి వచ్చింది గనక అవతలి వాళ్లు నమ్ముతారు. కాక నమ్మింది అందుకే, చందంపేట రైతు నమ్మిందీ అందుకే. అసలు చలాన్ ఎప్పుడూ యాప్ రూపంలో రాదు. అనుమానం వస్తే తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు కొట్టి చూసుకుంటే సరిపోతుంది.

కాబట్టి ఆ ఫోన్‌లోంచి సిమ్ తీసి ఒక పాత కీప్యాడ్ ఫోన్‌లో వేయండి. ఓటీపీలు ఇక అక్కడికే వస్తాయి. ఎవరైనా కాల్స్ మళ్లించి ఉంటే పోయేలా ##002# డయల్ చేయండి. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చండి, పాతదాంట్లోంచి మారిస్తే కొత్త తాళంచెవి కూడా దొంగ చేతికే ఇచ్చినట్టు. ఆ తర్వాత ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించాలి.

ఆగండి, రీసెట్‌కు ముందు మన వృత్తిలో వాళ్లకు మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది. మొబైల్ షాపు అబ్బాయి రీసెట్ ఒక్క నిమిషంలో కొట్టేస్తాడు. కానీ ఏ పార్టీయో పంపిన బెదిరింపు వాయిస్ మెసేజో, గట్టు జరిపిన ఫొటోనో ఆ ఒక్క ఫోన్‌లోనే ఉండి ఉండవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డు దాఖలు చేయాలంటే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ కూడా రాయాలి. అంటే ఆ ఫైలుకు వేలిముద్ర లాంటి అంకెల వరస. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది, వేలిముద్ర మారిపోతుంది. అందుకని ఏ కేసు సాక్ష్యం ఏ ఫోన్‌లో ఉందో ముందు రాసుకోండి. పార్టీ దగ్గర అసలు ఉందో లేదో కనుక్కోండి, లేనివాటిని విడిగా కాపీ చేయండి. ఆ చలాన్ మెసేజ్, అది వెళ్లిన తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి, రేపు ఫిర్యాదుకు పనికొస్తాయి. ఫైలును మాత్రం చూపించడానికి కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయవద్దు.

ఇప్పుడు 14 లక్షల సంగతి.

మీ ఉత్తరంలో చలాన్ ఫైలు, 14 లక్షలు పక్కపక్కనే ఉన్నాయి. చదువుతుంటే నాకూ ఒకదాని వల్లే ఇంకోటి జరిగిందనిపించింది. మళ్లీ చదివితే అతకలేదు. చలాన్ ఫైళ్లు పంపేవాడికి కావలసింది ఖాతాలో డబ్బు. నల్లగొండ జిల్లాలో ఫలానా అన్నదమ్ముల పంపకం కేసులో ఎదుటి పక్షం ఎవరో వెతికి, వాళ్లకు అంకె చేరవేసే ఓపిక వాడికి లేదు, లాభమూ లేదు. కాక చేసిన పొరపాటుకు ఈ రెండో నేరం కూడా అంటగట్టకండి. మీ ఆఫీసులో ఇప్పటికే అంటగట్టేశారని నా అనుమానం.

నా కన్ను టైపింగ్ సెంటర్ మీద ఉంది. అంటే అక్కడి మనిషి దొంగ అని కాదు. ఆ కంప్యూటర్ ముందు రోజుకు ఎంతమంది కూర్చుంటారో ఆలోచించండి. మీ ఎదుటి పక్షం వకీలు గుమాస్తా కూడా అక్కడే కొట్టిస్తాడు కదా. ఒకే కోర్టు, ఒకే సెంటర్, ఒకే మానిటర్. మీ ఆఫీసు వాట్సాప్ దాని మీద తెరిచి ఉంటే, అవతలి వాళ్లు హ్యాకింగ్ నేర్చుకోవలసిన పని లేదు, తల తిప్పి చూస్తే చాలు. ఫోన్ ఆఫీసులో ఉన్నా, ఆఫ్ చేసి ఉన్నా ఆ తెర మీద పాత మెసేజ్‌లు కనబడుతూనే ఉంటాయి. ఫోన్‌ను 14 రోజులకు మించి వాడకుండా పక్కన పెడితే తప్ప ఆ లింకు దానంతట అది తెగదు, రోజూ వాడే ఫోన్‌కు ఆ రోజు ఎప్పుడూ రాదు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో "లింక్డ్ డివైజెస్" తెరిస్తే ఏ కంప్యూటర్లు అతుక్కుని ఉన్నాయో, చివరగా ఎప్పుడు తెరిచారో కనబడుతుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, అన్నిటినీ లాగవుట్ చేయండి. మీరు ఆఫీసు మూసిన తర్వాత, రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో అది తెరిచినట్టు ఉంటే, మీ పార్టీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

మిగతా సగం ఎప్పటికీ దొరకకపోవచ్చు. పంపకం కేసుల్లో రహస్యం నిలవడం కష్టం. అన్నదమ్ములు ఇద్దరైనా మేనత్త ఒక్కతే ఉంటుంది. మీ పార్టీయే ఇంట్లో అన్న మాట పొయ్యి దగ్గర నుంచి పొలం గట్టు దాకా నడిచి ఉండవచ్చు. నేను మహబూబ్‌నగర్‌లో ప్రాక్టీసు చేసిన రోజుల్లో సెల్‌ఫోన్లు లేవు, అయినా మా అంకెలు అవతలి వాళ్లకు తెలిసిపోయేవి. కాబట్టి ఎవరి మీదా వేలు చూపకండి. కానీ మన వైపు ఒక తలుపు తెరిచి ఉన్న మాట నిజం, దానికి మనం జవాబుదారీ.

ఇక పార్టీలకు చెప్పడం. మీ దగ్గర ఒకటి కాదు, మూడు దారులున్నాయి.

సార్ చెప్పినట్టు ఊరుకోవడం మొదటిది. రెండు మూడు నెలల్లో అందరూ మరిచిపోతారని ఆయన లెక్క. నిజానికి మరిచిపోవచ్చు కూడా. కానీ ఫైలు నలభై మందికి వెళ్తే, ఇంకా తెరవనివాళ్లు అందులో ఉంటారు. రేపు ఇంకొకరి డబ్బు పోయి, ఆఫీసుకు ముందే తెలిసినా చెప్పలేదని బయటపడితే, అప్పుడు ప్రశ్న కాక తప్పు గురించి ఉండదు, సార్ మౌనం గురించి ఉంటుంది. పొరపాటును జనం క్షమిస్తారు, దాచినదాన్ని కోర్టు వరండాలో పదేళ్లు చెప్పుకుంటారు.

రెండోది, ఆ ఫైలు ఒక్కదాని వరకు అందరికీ చెప్పడం. "ఫలానా తేదీన మా నంబరు నుంచి చలాన్ పేరుతో వచ్చిన ఫైలు మేము పంపింది కాదు. తెరవకండి. తెరిచి ఉంటే వెంటనే బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, మాకు ఫోన్ చేయండి." ఇంతే. చదవడం రానివాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు ఫోన్ చేసి చెప్పండి. దీనివల్ల ఒకరిద్దరు సణుగుతారు, ఒకరు కేసు కట్ట తీసుకుపోతానంటారు. నా అంచనాలో ఎక్కువమంది "మాకూ వచ్చింది సార్, మా బావమరిది కూడా నొక్కిండు" అంటారు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఈ చలాన్ ఫైళ్లు, పెళ్లికార్డు ఫైళ్లు చూడని ఇల్లు తక్కువ.

మూడోది కష్టమైనది, 14 లక్షల పార్టీకి చెప్పడం. లోక్ అదాలత్ అవార్డు సివిల్ డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కాబట్టి ఆ మూడు లక్షలు తిరిగొచ్చే దారి దాదాపు లేదు. చెబితే లాభం ఏమిటి అని సార్ అడుగుతారు, ప్రశ్న న్యాయమైనదే. కానీ అతను మిమ్మల్ని సూటిగా అడిగాడు. "ఎలా పోయిందో మాకు ఖాయంగా తెలియదు. మా డ్రాఫ్టు బయటి కంప్యూటర్‌లో తెరిచి ఉన్న మాట మాత్రం నిజం, అది ఇప్పుడు మూసేశాం" అని చెప్పవచ్చు. దానికి ఖరీదు ఉంటుంది. అతను బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు, ఊళ్లో చెప్పుకోవచ్చు. చెప్పకపోతే ఖరీదు వేరే రకం, ఆ ప్రశ్న మీతోనే ఇంటికి వస్తుంది. నేనైతే చెబుతాను. అయితే ఈ మాట చెప్పవలసింది సార్, మీరు ఒంటరిగా వెళ్లి చెప్పకండి. వకాలత్‌నామా, అంటే తన తరఫున వాదించమని పార్టీ సంతకం చేసి ఇచ్చే కాగితం, దాని మీద మీ పేరు కూడా ఉందేమో మాత్రం చూసుకోండి. ఉంటే, ఆ పార్టీ విషయంలో మీరు సార్ చాటున ఉన్న జూనియర్ కాదు, అతని వకీలు.

సార్‌తో ఎలా మాట్లాడాలన్నది మీ ఉత్తరం నిండా ఉన్న టెన్షన్. ఆ తరం సీనియర్లకు రహస్యం విలువ తెలియదనుకుంటే పొరపాటు. మనకన్నా ఎక్కువ తెలుసు. అసలు సేల్ డీడ్‌ను పార్టీ తమ్ముడు అడిగినా ఇవ్వరు, బీరువా తాళంచెవి జంధ్యానికో మొలతాడుకో కట్టుకు తిరిగినవాళ్లు. ఆయనకు తెలియనిది ఒకటే, ఆ బీరువా ఇప్పుడు కాక జేబులో ఉందని, దాని ఇంకో తలుపు టైపింగ్ సెంటర్‌లోకి తెరుచుకుందని. "సైబర్ సెక్యూరిటీ" అనే మాట ఎత్తారంటే ఆయన చెవులు మూసుకుంటారు. "సార్, మన బీరువా తెచ్చి టైపింగ్ సెంటర్‌లో పెట్టి, తాళం దానికే వదిలేసి వస్తామా?" అని అడిగి చూడండి.

ఆయన చట్టం మాట వింటారు గనక చట్టమే తీసుకెళ్లండి. పార్టీ చెప్పిన మాట వకీలు బయటపెట్టకూడదన్న పాత ఎవిడెన్స్ చట్టం 126వ సెక్షన్ ఇప్పుడు సాక్ష్య అధినియంలో 132. అందులోనే గుమాస్తాలకూ ఇది వర్తిస్తుందని ఉంది. ఆ బాధ్యతను ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ మీరవద్దని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు విడిగా చెబుతున్నాయి. ఐటీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డిజిటల్ సంతకం తాళాన్ని తన అదుపులో ఉంచుకోవలసింది ఆ సంతకం గల మనిషే, అదుపు తప్పితే జారీ చేసిన సంస్థకు ఆలస్యం చేయకుండా చెప్పాలి. ఈ ఒక్క ముక్క ప్రింటు తీసి చూపించండి, ప్లాస్టర్ అంటించిన ఆ టోకెన్ సాయంత్రానికి ఆయన జేబులోకి వస్తుంది. తన సంతకంతో తనకు తెలియకుండా ఒక మెమో దాఖలవుతుందనే ఊహ ఏ వకీలునైనా నిద్రపోనివ్వదు.

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 గురించి ఆయనే అనవచ్చు, "కేసుల పనికి మినహాయింపు ఉంది కదా" అని. నిజమే, చట్టపరమైన హక్కు కోసం డేటా వాడితే చాలా నిబంధనలు వర్తించవు. కానీ డేటాను తగిన జాగ్రత్తతో కాపాడాలన్న సెక్షన్ 8(5)ను ఆ మినహాయింపులోంచి పక్కకు తీసి ఉంచారు. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, ఈ బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. ఇంకొకటి, 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు, వకీలు ఫోన్ గానీ కంప్యూటర్ గానీ దర్యాప్తు కోసం కావాలంటే కోర్టు ముందే పెట్టాలని, తెరిచేటప్పుడు ఇతర పార్టీల రహస్యాలు బయటపడకుండా చూడాలని చెప్పింది. పోలీసుల చేతిలో పడకుండా సుప్రీంకోర్టు కాపాడినదాన్ని మనం సెంటర్‌లో తెరిచి వదిలేస్తున్నాం సార్, అనండి. ఈ వాదన ఆయన ముందు నిలబడుతుందని నా నమ్మకం.

కాక విషయం. మీరు భయపడుతున్నట్టు ఆయన ఉద్యోగం తీసేస్తే ఏం జరుగుతుంది? కొత్త గుమాస్తా వస్తాడు, ఏడాదిలో అతనూ ఏదో ఒకటి నొక్కుతాడు, కానీ కాకకు పట్టిన గతి చూశాడు గనక చెప్పడు. కాక యాప్ తీసేసి ఊరుకున్నది తెలియక మాత్రమే కాదు, తిట్లకు భయపడి కూడా. ఆదివారం రాత్రే సార్‌కు ఫోన్ చేసి ఉంటే, తెల్లారేలోపు పార్టీలకు కబురు వెళ్లేది, ముసలాయన ఫైలు తెరిచేవాడు కాదు. ఆఫీసులో పెట్టవలసిన మొదటి నియమం ఇదే అంటాను. ఎవరు ఏం నొక్కినా గంటలోపు చెప్పాలి, చెప్పినవాళ్లను తిట్టకూడదు. సార్ తిట్టకుండా ఉండగలరా అన్నది మీకే తెలియాలి.

నా తప్పు కూడా ఒకటి చెబుతాను, మీ కాకకు వినిపించండి. నా ఫోన్‌లో శ్రీనివాస్‌లు తొమ్మిది మంది. ఒక యాక్సిడెంట్ కేసులో గాయపడిన మనిషి ఆసుపత్రి కాగితాలన్నీ మా పార్టీ శ్రీనివాస్‌కు బదులు గ్యాస్ ఏజెన్సీ శ్రీనివాస్‌కు పంపాను. అతను మంచివాడు, "సార్, ఇది నాది కాదు, నాకు కాలు విరగలేదు" అని ఫోన్ చేశాడు. ఆ రోజు నుంచి నా ఫోన్‌లో ప్రతి పార్టీ పేరు ముందు కేసు నంబరు ఉంటుంది. పేర్లు ఒకటే కావచ్చు, కేసు నంబర్లు ఒకటి కావు.

మిగిలినవాటికి డబ్బు కన్నా అలవాటు ఎక్కువ కావాలి. వాట్సాప్‌లో ఆరంకెల పిన్‌తో రెండంచెల తాళం పెట్టండి, ఎదుటివాడు ఓటీపీ కొట్టేసినా అక్కడ ఆగిపోతాడు. మెయిల్‌కూ రెండంచెలు పెట్టి, నలుగురికీ వేర్వేరు ఖాతాలు తెరవండి, ఎవరు వెళ్లిపోతే వాళ్లది మూయవచ్చు. పాస్‌వర్డులు గుర్తుండవని సార్ అంటే పుస్తకంలో రాసి బీరువాలో పెట్టమనండి. కంప్యూటర్ చదివినవాళ్లు దీనికి నవ్వుతారు. నవ్వనివ్వండి. మనవరాలి పేరు, 123 కన్నా తాళం వేసిన పుస్తకం వెయ్యి రెట్లు నయం.

టైపింగ్ సెంటర్ మానేయడం ఒక్క రోజులో కాదు. అసలు మేలు, ఆఫీసుకు ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్ కొనడం. సెకండ్ హ్యాండ్‌దైనా ఫరవాలేదు, కానీ విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆగిపోయింది గనక 11 నడిచేది చూడండి. నెలకు సెంటర్‌కు ఎంత కడుతున్నారో లెక్క వేస్తే సార్ మెత్తబడవచ్చు. అప్పటిదాకా సెంటర్‌కు వెళ్తే అక్కడ వాట్సాప్ తెరవవద్దు. ఆ ఒక్క ఫైలే మెయిల్‌లో ప్రైవేట్ విండోలో తెరిచి, మీరు పక్కనే కూర్చుని, అయ్యాక డౌన్‌లోడ్స్‌లోంచీ రీసైకిల్ బిన్‌లోంచీ తీసేయించి, లాగవుట్ చేసి లేవండి. పోక్సో కేసు (పిల్లల మీద లైంగిక నేరాలది), భార్యాభర్తల కేసు కాగితాలు మాత్రం అక్కడికి వెళ్లనే వద్దు, చేత్తో రాసి మీరే టైపు కొట్టండి. పెన్‌డ్రైవ్ కూడా జాగ్రత్త. దొంగ కాపీ తెలుగు ఫాంట్లు, పేజీ సాఫ్ట్‌వేర్ నడవడానికి యాంటీవైరస్ ఆపేసిన సెంటర్లు నేను చాలా చూశాను. అందులో పెట్టిన పెన్‌డ్రైవ్‌ను మీ లాప్‌టాప్‌లో పెట్టడమంటే జ్వరం ఉన్నవాడి టవల్‌తో మొహం తుడుచుకోవడమే. పీడీఎఫ్‌లు కలపడానికి ఊరూపేరూ లేని సైట్లలోకి వకాలత్‌లు, ఆధార్ కాపీలు ఎక్కించే అలవాటు ఉంటే అదీ మానండి. వారానికోసారి ఫైళ్లన్నీ ఒక హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, దాన్ని తీసి బీరువాలో పెట్టాలి. తగిలించే ఉంచితే వైరస్ దాన్నీ తింటుంది.

మరొకటి గట్టిగా చెప్పాలి. యాక్సిడెంట్ కేసుల్లో పరిహారం డబ్బు జమ అయ్యే సమయానికి "నా ఖాతా మారింది, ఇందులో వేయండి" అని పార్టీ నంబరు నుంచే మెసేజ్ వస్తే, మీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి, గొంతు విని, తర్వాతే కోర్టులో మెమో వేయండి. వీలైతే పాస్‌బుక్‌తో మనిషినే రమ్మనండి.

ఆఫీసు మారడం గురించి. మారవచ్చు, మీ చదువుకు, ఓపికకు ఇంకో సీనియర్ దొరుకుతారు. అయితే ఆ ఆఫీసు డ్రాఫ్టులు కూడా అదే సెంటర్‌కు వెళ్తుంటాయి, మెయిల్ పాస్‌వర్డ్ ఇంకెవరి మనవరాలి పేరో ఉంటుంది. ఒకసారి మాట్లాడి చూడకుండా వెళ్లిపోతే ఈ సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తరు. మాట్లాడినా సార్ ససేమిరా అంటే, మీ పేరు ఉన్న కేసుల వరకైనా మీ సొంత ఫోన్‌లో, సొంత మెయిల్‌లో పద్ధతిగా నడపండి. ఫలానా తేదీన ఈ విషయం సార్‌కు చెప్పానని మీ డైరీలో రాసుకోండి. ఆయన మీద కోపంతో పార్టీల కాగితాలు కాపీ చేసుకుని బయటికి రాకండి, అప్పుడు రహస్యం బయటపెట్టింది మీరవుతారు. ఆరు నెలలు చూసి, అప్పటికీ ఆ లింకులు తెగకపోతే, నా దృష్టిలో వెళ్లిపోవడం తప్పు కాదు.

చివరగా, మీ ఆరు పేజీల్లో రెండే వాక్యాలు దక్కిన చందంపేట పెద్దాయన. డబ్బు పోయి నెల కావస్తోంది. మొదటి గంటల్లో 1930కి చేస్తే అవతలి ఖాతాను ఆపించే వీలు ఎక్కువ, ఇప్పుడు ఆశ తక్కువే. అయినా ఆయన పేరు మీద 1930కి ఫోన్ చేయించి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించండి, బ్యాంకులో రాతపూర్వకంగా ఇప్పించండి. దరఖాస్తు రాయడం మన పనే కదా, దానికి ఫీజు అడగరనుకుంటాను. ఆ 18,000 ఆఫీసే ఇవ్వాలా అంటే, చట్టం బలవంతం చేస్తుందని చెప్పలేను. సార్ ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టని ఎవరో ఒకరు ఆయనను భయపెడతారు. ఇవ్వలేకపోతే పెద్దాయన కేసులో మిగిలిన వాయిదాలకు ఫీజు వదిలేయమని అడిగి చూడండి.

డబ్బు కన్నా ముందు ఇంకో సంగతి ఉంది. ఆయన ఫోన్ ఎవరైనా శుభ్రం చేశారా? ఉత్తరంలో ఆ మాట లేదు. లేకపోతే ఆ ఫైలు ఇప్పుడు ఆయన పేరు మీద ఆయన బంధువులకు, పక్క తండాలకు వెళ్తూ ఉంటుంది. వచ్చే పంట డబ్బు కూడా అదే ఖాతాలో పడుతుంది. ఈ ఆదివారం దేవరకొండ బస్సెక్కి వెళ్లండి. కాకను కూడా వెంట తీసుకెళ్లండి. ఆయన దగ్గర కూర్చుని, ఏం నొక్కానో ఎలా నొక్కానో కాకే చెబితే, పెద్దాయన మీ మాట కన్నా ఆ మాట ఎక్కువ వింటాడు.